రెడ్డా గ్రీనా తర్వాత, ముందు బ్లేడ్ సంగతి తేల్చుకోండి

మ్యాచ్ పిస్టల్‌కి ఫైబర్ ఆప్టిక్ ఫ్రంట్ సైట్ వేద్దామనుకుంటున్నా, రెడ్ మంచిదా గ్రీన్ మంచిదా, 1 మి.మీ. రాడ్డా 1.5 మి.మీ. రాడ్డా, ఏది ఎక్కువ వెలుగుతుంది అని అడిగారు. (ఫ్రంట్ సైట్ అంటే పిస్టల్ ముందు కొసన నిలబడే గురి పలక, ఆ పలకే బ్లేడ్. ఫైబర్ అంటే అందులో దూర్చిన రంగు ప్లాస్టిక్ రాడ్, దాని కొస మన కంటికి వెలిగే చుక్కలా కనపడుతుంది.) సరిగ్గా ఇదే లెక్కలో నేను ఏది ఎక్కువ వెలిగితే అదే కొని ఒక సీజన్ మొత్తం చేతులారా పాడు చేసుకున్నానండి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నా మొదటి ఫైబర్ సైట్ 1.5 మి.మీ. గ్రీన్ రాడ్, బ్లేడ్ వెడల్పు 3.2 మి.మీ. దాకా ఉండేది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద డ్రై ఫైర్ (గుండు లేకుండా ఖాళీ పిస్టల్‌తో సాధన) చేస్తుంటే ఎంత ముచ్చటగా ఉండేదో, పిస్టల్ అలా లేపితే చాలు చుక్క కళ్ళ ముందు నిలబడేది. తీరా మిట్టమధ్యాహ్నం ఎండలో మ్యాచ్‌కి వెళ్తే అదే చుక్క చిన్న బల్బులా జిగేల్‌మని వెలుగుతూ బ్లేడ్ అంచుల్ని మింగేసింది, పై అంచు ఎక్కడుందో కూడా తెలీలేదు. దగ్గర టార్గెట్లు బానే కొట్టా, దూరంగా ఉన్న 20 సెం.మీ. గుండ్రటి స్టీల్ ప్లేట్లు మాత్రం ఒక్కటీ పడలేదు, అన్నీ పై నుంచే పోయాయి. ముందు అమ్యూనిషన్‌ని తిట్టుకున్నా, తర్వాత ట్రిగ్గర్‌ని, ఆ తర్వాత నా పట్టుని, అలా రెండు నెలలు గడిచిపోయాయి.

ఆఖరికి ఒక సీనియర్ షూటర్ నా వెనక నిలబడి చూసి, నల్ల మార్కర్ తీసి ఆ చుక్క మీద పూసేసి, ఇప్పుడు కొట్టు అన్నాడు. కొట్టాను, గ్రూప్ (గుళ్ళు పడ్డ గుంపు) కిందకి దిగి మధ్యలో కూర్చుంది. నువ్వు సైట్ చూడట్లేదురా చుక్క చూస్తున్నావు అన్నాడు. అంతే, జబ్బు దొరికింది.

ఇది మీకు లెక్కతో చెప్తే బాగా ఎక్కుతుంది. మామూలుగా రియర్ సైట్ (కంటి వైపున్న వెనక సైట్) పై అంచూ ఫ్రంట్ బ్లేడ్ పై అంచూ ఒకే గీతలో ఉండాలి కదా, చుక్క ఆ పై అంచు కంటే కాస్త కిందుంటుంది, దాని మధ్య భాగం ఒక 1 మి.మీ. కింద అనుకుందాం. చుక్క మరీ వెలిగిపోతే కన్ను దాన్నే పట్టుకుని, తెలీకుండానే చుక్కని రియర్ సైట్ పై అంచు దాకా లేపేస్తుంది, అంటే ముందు భాగం 1 మి.మీ. పైకి లేచినట్టే. రెండు సైట్ల మధ్య దూరం 165 మి.మీ. ఉన్న పిస్టల్‌లో ఆ 1 మి.మీ. 10 మీటర్ల దగ్గర 6 సెం.మీ. అవుతుంది, 25 మీటర్ల దగ్గర 15 సెం.మీ. అవుతుంది. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో యాక్షన్ షూటింగ్, అంటే వేగంగా కొట్టే పోటీలు, నడిపే సంస్థ) అట్ట టార్గెట్‌లో 'ఏ' జోన్ (ఎక్కువ మార్కులిచ్చే మధ్య భాగం) ఎత్తు దాదాపు 28 సెం.మీ. కాబట్టి దగ్గర్లో 6 పోయినా జోన్‌లోనే ఉంటుంది, మనకి అనుమానమే రాదు, 20 సెం.మీ. ప్లేట్‌కి 25 మీటర్ల నుంచి 15 పైకి పోతే ఇంకేముంది, గాలికి.

అందుకని ఎక్కువ వెలిగేది అనే కొలత పక్కన పెట్టేయండి. ఎండలో కూడా బ్లేడ్ అంచులు స్పష్టంగా కనపడుతూ చుక్క వాటి లోపల బుద్ధిగా ఉండాలి, మీకు కావాల్సింది అది.

ఇప్పుడు వెడల్పు. మీరు అసలు అడగని విషయమే అన్నిటికన్నా ముఖ్యం. రియర్ నాచ్ (వెనక సైట్ మధ్యలోని గాడి) లోంచి చూసినప్పుడు బ్లేడ్‌కి రెండు పక్కలా సన్నటి వెలుతురు సందు కనపడుతుంది కదా, ఆ రెండు సందుల్ని సమానంగా ఉంచడమే గురి అంటే. సందు మరీ సన్నగా ఉంటే గురి కచ్చితంగా ఉంటుంది గానీ స్పీడ్‌లో వెతుక్కోవాలి, మరీ వెడల్పుగా ఉంటే వేగంగా దొరుకుతుంది గానీ దూరం షాట్లకి బ్లేడ్ నాచ్‌లో అటూ ఇటూ ఈదుతుంది. బ్లేడ్ కంటికి దూరంగా ఉంటుంది కాబట్టి అసలు కంటే సన్నగా కనపడుతుంది, కంటి నుంచి రియర్ సైట్ 60 సెం.మీ., ఫ్రంట్ సైట్ 76 సెం.మీ. అనుకుంటే 2.5 మి.మీ. బ్లేడ్ నాచ్ దగ్గరకొచ్చేసరికి 2 మి.మీ.లా కనపడుతుంది. నాచ్ 3.2 మి.మీ. ఉంటే పక్కకి 0.6 చొప్పున సందు మిగుల్తుంది. అదే నాచ్‌లో 3.2 బ్లేడ్ పెడితే 0.35 మాత్రమే. నా చేతికి, నా కంటికి మొదటిదే కుదిరింది, యాక్షన్ షూటింగ్‌లో చాలామంది 2.5 నుంచి 2.8 మధ్యలోనే తిరుగుతుంటారు. ఇంకో లెక్క కూడా ఉంది, 25 మీటర్ల దగ్గర 2.5 బ్లేడ్ టార్గెట్ మీద దాదాపు 8 సెం.మీ. కప్పేస్తుంది, 3.2 అయితే 10 దాటుతుంది, చిన్న ప్లేట్ ముందు ఆ తేడా బాగా తెలుస్తుంది. కాబట్టి ముందు కాలిపర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) తీసుకుని మీ రియర్ నాచ్ కొలవండి, అది తెలీకుండా ఫ్రంట్ సైట్ కొనడం అంటే కాలి కొలత లేకుండా చెప్పులు కొన్నట్టే.

రాడ్ మందం ఆ తర్వాత. సన్న బ్లేడ్‌లో 1.5 రాడ్ పెడితే చుట్టూ నలుపు మిగలదు, చుక్కే బ్లేడ్ అయి కూర్చుంటుంది, మళ్ళీ నా పాత కథే. నేను 1 మి.మీ. దాటను. లోపల రేంజ్‌ల్లోనో, సాయంత్రం మసక వెలుతురులోనో ఎక్కువగా కొట్టేవాళ్ళు 1.5 పెట్టుకుంటారు, అదీ అర్థం చేసుకోదగ్గదే.

వెలుగు విషయంలో ఒక్క మాట. ఈ రాడ్‌లో బ్యాటరీ లేదు, ఏమీ లేదు, రంగు వెలుగునిచ్చే డై కలిపిన ప్లాస్టిక్ అది, పక్కల నుంచి పడ్డ వెలుతురుని పీల్చుకుని లోపలే నడిపించి రెండు కొసల నుంచి వదుల్తుంది. కాబట్టి రాడ్ ఎంత పొడుగు బయటికి కనపడుతోందనేది మందం కంటే ఏమీ తక్కువ కాదు. వెలుతురు మీ మీద పడాలి, టార్గెట్ మీద కాదు. మీరు రేకుల షెడ్ నీడలో నిలబడి టార్గెట్ ఎండలో ఉంటే చుక్క చచ్చిపోయినట్టుంటుంది, కంగారు పడకండి, అప్పుడు అది మామూలు నల్ల సైట్, అలాగే వాడండి. చీకట్లో అయితే పూర్తిగా నలుపే, దానికి ట్రిటియం (చీకట్లో కూడా సైట్ మెరిసేలా చేసే రేడియోధార్మిక వాయువు) కలిపిన సైట్లు వేరే ఉంటాయి, కానీ పగటి మ్యాచ్‌కి వాటి అవసరం లేదు.

ఇక మీ రెడ్డూ గ్రీనూ. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర, అన్నిటికన్నా బాగా స్పందిస్తుంది, అందుకే అంతే వెలుతురులో గ్రీన్ ఎక్కువ వెలిగినట్టు అనిపిస్తుంది. మసక చోట అది లాభం, ఎండలో నష్టం. పైగా వెనకాల పచ్చగడ్డి పెరిగిన మట్టికట్ట ఉంటే గ్రీన్ చుక్క అందులో కలిసిపోతుంది. గోధుమరంగు అట్ట మీద, తెల్ల స్టీల్ మీద నాకు రెడ్ బాగా ఆనుతుంది. మీకు ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియకపోతే (మగవాళ్ళలో ఇది అరుదేం కాదు) ఎవరి మాటా వినకుండా రెండూ పెట్టి చూసుకోండి. కళ్ళజోడు రంగు కూడా మర్చిపోకండి, ఒకతను ఎర్ర అద్దాలు పెట్టుకుని గ్రీన్ చుక్క డల్‌గా ఉందని సైటే మార్చేశాడు. నిజానికి రంగు కోసం ఇంత ఆలోచించక్కర్లేదు, రాడ్ మార్చడం ఐదు నిమిషాల పని.

ఎత్తు దగ్గర మాత్రం తొందరపడితే దెబ్బ తింటారు. ఫ్రంట్ బ్లేడ్ ఎత్తు పెరిగితే షాట్లు కిందకి, తగ్గితే పైకి, తలకిందుల వ్యవహారం. ముందు ఇప్పుడున్న సైట్‌తోనే, మ్యాచ్‌లో వాడే అమ్యూనిషన్‌తోనే, పిస్టల్‌ని దేనికైనా ఆనించి 25 మీటర్ల నుంచి కొట్టి ఎంత తేడా వస్తోందో కొలవండి. ఆ తేడాని రెండు సైట్ల మధ్య దూరంతో హెచ్చించి టార్గెట్ దూరంతో భాగిస్తే బ్లేడ్‌లో మార్చాల్సిన ఎత్తు వస్తుంది. 8 సెం.మీ. కిందకి పడుతోందనుకోండి, 80 ఇంటూ 165 బై 25,000, అర మిల్లీమీటర్ పై చిలుకు, అంత పొట్టి బ్లేడ్ కావాలన్నమాట. డాసన్ ప్రెసిషన్ లాంటి సైట్ల తయారీదార్లు ఒకే సైట్‌ని రకరకాల ఎత్తుల్లో అమ్మేది ఇందుకే. మామూలు నల్ల బ్లేడ్ అయితే ఆకురాయి పెట్టి కాస్త అరగదీసుకోవచ్చు, ఫైబర్ దానిలో రాడ్ పైన మిగిలే ఇనుమే కొంచెం, అరగదీస్తే రాడ్ రంధ్రం బయటపడుతుంది. అడ్జస్టబుల్ రియర్ (ఎత్తు మార్చుకోగలిగే వెనక సైట్) ఉంటే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

కొనేముందు డవ్‌టెయిల్ (సైట్ దూర్చడానికి స్లైడ్ మీద, అంటే పిస్టల్ పైన కదిలే భాగం మీద, కోసిన గాడి) కటింగ్ ఏదో చూసుకోండి, అన్నీ ఒకటి కావు, గ్లాక్‌కైతే ముందు వైపు అసలు డవ్‌టెయిలే ఉండదు, స్లైడ్ కింద నుంచి చిన్న స్క్రూ. రియర్ సైట్ పూర్తి నల్లదే పెట్టండి, వెనక కూడా రెండు చుక్కలున్న సెట్లు కొంటే కంటికి మూడు చోట్ల పని, నాకైతే సంత గోలలా అనిపించింది.

రూల్స్ కూడా. ఐపీఎస్‌సీ (యాక్షన్ షూటింగ్ అంతర్జాతీయ సంస్థ), యూఎస్‌పీఎస్‌ఏ ఐరన్ సైట్ (అద్దాలూ ఎలక్ట్రానిక్ చుక్కా లేని మామూలు సైట్) డివిజన్లలో ఫైబర్ మామూలే, కానీ ఐఎస్‌ఎస్‌ఎఫ్ (ఒలింపిక్ తరహా షూటింగ్ అంతర్జాతీయ సంస్థ) పిస్టల్ ఈవెంట్లలో ఫైబర్ ఆప్టిక్ సైట్లకి అనుమతి లేదు, మీరు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కోసం అడుగుతుంటే ఇదంతా వదిలేయండి.

నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళకి ఇంకో సంగతి, బ్లేడ్ మసకబారినా చుక్క కనపడుతుందని ఫైబర్ మీద ప్రేమ పెంచుకుంటారు, కానీ మసక కంటికి చుక్క కూడా ఉబ్బుతుంది. చదువుకునే కళ్ళద్దాలు దీనికి పనికిరావు, అవి పుస్తకం దూరానికి చేసినవి. చేయి చాచి పట్టుకుంటే ఫ్రంట్ సైట్ ఎంత దూరంలో ఉంటుందో టేపుతో కొలిచి కళ్ళ డాక్టర్‌కి ఆ కొలత చెప్పండి.

రాడ్ మార్చడం ఎలాగంటే, పిస్టల్ ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, రాడ్‌ని కాస్త పొడుగ్గా కత్తిరించి ఒక కొసకి లైటర్ మంట దగ్గరగా తీసుకెళ్ళండి, తగిలించొద్దు, తగిలితే నల్లగా కాలిపోతుంది. వేడికి కొస పుట్టగొడుగు తలలా ఉబ్బుతుంది. సైట్‌లోకి దూర్చి రెండో వైపు ఒకటిన్నర మి.మీ. వదిలి కత్తిరించి అక్కడా అలాగే చేయండి. సూపర్ గ్లూ పెట్టకండి, రాడ్ తెల్లగా మసకబారుతుంది. అసిటోన్, బ్రేక్ క్లీనర్ లాంటివి అస్సలు తగలనివ్వద్దు, ఒకసారి నేను పిస్టల్ మొత్తం స్ప్రే చేసి కడిగేసి మర్నాడు చూస్తే రాడ్ పగుళ్ళిచ్చి పొడి పొడిగా రాలింది.

ఇంకోసారైతే స్టేజ్ (మ్యాచ్‌లో ఒక రౌండ్) మధ్యలోనే రాడ్ ఎగిరిపోయింది, నాకు తెలీనే లేదు, స్టేజ్ అయ్యాక చూస్తే బ్లేడ్‌లో ఉత్త రంధ్రం. ఆ రోజు దూరం ప్లేట్లన్నీ పడ్డాయి. అయినా సంచిలో రెండు రంగుల ముక్కలూ ఒక లైటర్ ఎప్పుడూ ఉంచుకుంటున్నా.

మీ పిస్టల్ మోడలూ, కాలిపర్‌తో కొలిచిన నాచ్ వెడల్పూ, ఏ డివిజన్ ఆడుతున్నారో రాయండి, వెడల్పు ఎంత తీసుకోవాలో లెక్కేసి చెప్తా.