ముసలోళ్లను చూసుకునే కేర్‌టేకర్ మీద "సరిగ్గ చూస్తలేదు, కేసు పెడ్తం" అంటే ఏం జేయాలె?

తమ్ముడూ, ముందుగాల మీ అమ్మను ఫోన్ ఆఫ్ జేయొద్దని చెప్పు. మనోళ్లందరు చేసే మొదటి తప్పు అదే, భయానికి ఫోన్ బంద్ వెట్టి ఊరికి వోతరు, ఇగ అవతలోళ్లు "తప్పు జేసింది గాబట్టే పారిపోయింది" అంటరు. నువ్వు రాసింది మొత్తం చదివిన. మీ అమ్మ కేర్‌టేకర్‌గ చూసుకునేది ఎనభై ఏండ్ల పెద్దాయనను, పక్షవాతం, నడుము కింద పుండు, అమెరికా నుంచి కొడుకు వచ్చి చూసి మీ అమ్మ మీద కేసు పెడ్తనంటుండు. ఆ కొడుకు ఎవ్వలో నాకు తెల్వదు గని తెల్సినట్టే ఉన్నడు.

నాది దేవరకొండ దిక్కు. ఎమ్‌పీహెచ్‌డబ్ల్యూ, అంటే హెల్త్ వర్కర్ ట్రైనింగ్ చేసి నల్లగొండల ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌ల ఆరేండ్లు చేసిన, జీతం పెరుగక 2016 సంది ఇండ్లల్ల పేషెంట్ల కాడ డ్యూటీలు చేస్తున్న. ఇరవై మందికి పైననే చూసిన, నా మీద మూడుసార్లు నింద వడ్డది. మూడుసార్లూ నింద వేసింది ఇంట్ల ఉండి మూత్రం సంచి పారవోసేటోళ్లు గాదు, దూరం నుంచి బండి దిగినోళ్లే. ఇది నేను ఎవ్వలతోనైన పందెం కాస్త. అమెరికా డాక్టర్లు దీనికి పేరే పెట్టుకున్నరు, 'కాలిఫోర్నియా కూతురు' అని, 1991ల డాక్టర్ల పత్రికల దాని మీద వ్యాసమే వచ్చింది. మరి కాలిఫోర్నియా డాక్టర్లేమంటరంటే 'న్యూయార్క్ కూతురు' అంటరట. మా నర్సింగ్ హోమ్‌ల డ్యూటీ డాక్టర్ చెప్తే మస్తు నవ్విన అప్పుడు. నాకు తగిలింది బెంగుళూరు బిడ్డ.

ఆమె తల్లిది మర్రిగూడ దిక్కు, 78 ఏండ్లు, నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆ దిక్కు అంటే నల్లగొండోళ్లకు చెప్పేది లేదు, ఫ్లోరైడ్. నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటే ఆడ కొన్ని బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది, అవే నీళ్లు చిన్నప్పటి సంది తాగింది. వెన్ను వంగి కట్టెలెక్క బిగుసుకపోయింది, మెడ తిప్పాలంటే మొత్తం మనిషే తిరగాలె. భగీరథ నీళ్లొచ్చి చిన్నపిల్లలు బతికిపోయిన్రు గని ఈ ముసలోళ్ల బొక్కలల్ల చేరింది మళ్ల ఎన్కకు రాదు. అట్లాంటి మనిషి బాత్రూంల జారి పడి తుంటి బొక్క ఇరిగింది, ఆపరేషన్ అయింది, తొమ్మిది దినాలకు నల్లగొండల చిన్న కొడుకు ఇంటికి తెచ్చిన్రు. నన్ను ఆ రోజే పిలిచిన్రు, ఇండ్లకు కేర్‌టేకర్లను పంపే బ్యూరో తరుపున, 24 గంటల డ్యూటీ.

24 గంటల డ్యూటీ అంటే ఏందో జర ఆలోచించున్రి. ఫ్యాక్టరీల మిషనుకు గూడ రెస్టు ఇస్తరు. పద్దెనిమిది వేల జీతంల బ్యూరోవాళ్లు కమీషన్ కోసుకుంటరు, రిలీవర్‌ను పంపుతమంటరు, పంపరు, ఫోన్ చేస్తే "ఈ వారం అడ్జస్ట్ చేసుకో అక్కా" అంటరు. సరే, అది ఇంకో రామాయణం.

నాకు ఒక అలవాటుంది, మా పాత హెడ్ సిస్టర్ నేర్పింది. కొత్త పేషెంట్ దగ్గరికి పోంగనే చాయ్ తాగకముందు బట్టలు తీసి టార్చి వెట్టి పెయ్యంత చూస్త. అవ్వను గూడ అట్లనే చూసిన. వెన్ను వంగిన కాడ బొక్క పొడుచుకొచ్చి ఉంది, దాని మీద చర్మం ఉల్లిపొరలెక్క ఉంది, ఆడ రూపాయి బిళ్లంత ఎర్రగ. వేలుతోని ఒత్తిన. మంచి చర్మమైతే ఒత్తినప్పుడు తెల్లగయి వేలు తీయంగనే మళ్ల రంగొస్తది. ఇది తెల్లగ గాలే, ఎర్రగ అట్లనే ఉంది. అంటే లోపల రక్తం ఆడుతలేదన్నట్టు, పుండు అప్పటికే మొదలైందన్నట్టు. కోడలిని పిలిచి చూపెట్టిన, ఆమె ఫోన్‌లనే ఫోటో తీపించిన, తేదీ టైము రూళ్ల బుక్కుల రాసిన. మూడో దినానికి ఆ ఎరుపు నేరేడుపండు రంగుకు వచ్చింది, ఇంకో నాలుగు దినాలకు పగిలింది. జనాలకు తెల్వంది ఇదే, దెబ్బ లోపల ముందు తగుల్తది, పైకి కనవడేసరికి రెండు మూడు దినాలు పడ్తది. ఆస్పత్రిల స్ట్రెచర్ మీద, ఆపరేషన్ టేబుల్ మీద గంటలు గంటలు ఎల్లకిల పండవెట్టింది ఇంటికొచ్చినంక బయట వడ్తది. అప్పుడు ఎదురుంగ కనవడేది ఎవ్వలు? నేను.

తిప్పుడేమో రెండు గంటలకోసారి తిప్పాలె. మామూలు మనిషిని తిప్పుడు వేరు, ఈమెను తిప్పుడు వేరు. గూని మీద ఒత్తిడి వడొద్దు, ఆపరేషన్ కాలు లోపలికి మలగొద్దు. కాళ్ల నడుమ ఒక దిండు, ఈపు ఎన్క ఒక దిండు, సగం వాలుగ, ఒకసారి తలుపు దిక్కు, ఒకసారి గోడ దిక్కు. తిప్పినప్పుడల్ల "సంపకే బిడ్డా" అని ఒర్రేది, తిప్పినంక నా చెయ్యి వట్టుకొని "తిన్నవా" అని అడిగేది.

ఒక్కకాడనే ఒత్తిడి వడకుండ మోటరుతోని గాలి ఆడే ఎయిర్ బెడ్ తెప్పించిన. దాని మోటరు బుర్రుమంటది, ఆ రూంల ఒక్కటే ప్లగ్గు. వచ్చిపోయే చుట్టాలు ఏం చేస్తరనుకుంటున్నరు? మోటరు వైరు వీకి ఫోన్ చార్జింగ్ వెట్టుకుంటరు. నేను పోయి మళ్ల వెట్టేది. పళ్లు వట్టుకొస్తరు, షుగర్ పేషెంటుకు స్వీట్లు వట్టుకొస్తరు, ఒక్కలు గూడ ఎక్స్‌టెన్షన్ బాక్స్ వట్టుకరాలే.

పదహారో దినం బిడ్డ, అల్లుడు బెంగుళూరు నుంచి దిగిన్రు. దిగంగనే ఆమె తల్లిని వట్టుకొని ఏడ్సింది, అది నిజమే, ఏడుపుల అబద్ధం లేదు. తర్వాత దుప్పటి తీసింది. పుండు చూసింది. నైటీ పైకి లేపితే పొట్ట మీద అక్కడక్కడ నీలం మచ్చలు. ఇగ సూడు, "గుద్దిండ్రు మా అమ్మను, ఇద్దరు కలిసి గుద్దిండ్రు" అని ఇల్లంత లేవగొట్టింది. తుంటి ఆపరేషనైనోళ్లకు కాళ్లల్ల రక్తం గడ్డ కట్టకుండ పొట్టల రోజు సూది ఇస్తరు, ఆ సూది గుచ్చిన కాడల్ల నీలం మచ్చ వస్తది, దానికి తోడు ముసలి చర్మం. రక్తం పల్చగ చేసే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ గోలీలు వాడేటోళ్లకైతే ఊకె చెయ్యి వట్టి లేపినా వేళ్ల అచ్చులు దిగుతయి. "మేడం, అవి సూదుల మచ్చలు" అన్న. "నువ్వు మాట్లాడకు" అన్నది. వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపుల వేసింది. వీడియో కాల్‌ల ఒక మేనమామ, ఆపరేషన్ అయినకాడికెళ్లి ఒక్కసారి రాలేదు ఆయన, "ముందుగాల టూటౌన్ పోలీస్ స్టేషన్ల కంప్లైంట్ ఇయ్యిరి, తర్వాత మాట్లాడుదం" అంటుండు.

అసలు కోపం నా మీద గాదని అప్పుడే అర్థమైంది. ఆమె కండ్లు నా దిక్కు ఉన్నయి గని మాటలన్ని వంటింటి తలుపు కాడ నిలవడ్డ వదినెకు తగులుతున్నయి. పొలం పంచాయతీ ఏదో ఉంది ఆళ్లకు, నాకు పూర్తిగ తెల్వదు. ఆయా మీద పడే నిందల సగం అన్నదమ్ముల పంచాయతీలే, రాసిపెట్టుకోండి.

ఇగ నువ్వు భయపడే కేసు సంగతి. "సీనియర్ సిటిజన్ యాక్ట్ కింద లోపలేపిస్త" అన్నడని రాసినవ్ గదా. ఆ చట్టం 2007ల వచ్చింది. దాని కింద ఆర్డీవో కాడ ఉండే ట్రిబ్యునల్‌ల ముసలోళ్లు పిల్లల మీద, వారసుల మీద పోషణ కోసం దరఖాస్తు పెట్టుకుంటరు, నెలకు పదివేల దాంక ఇప్పియ్యొచ్చని ఉంది. అంటే ఆ కాయితం ముందు ఆ అమెరికా కొడుకుకే అందుతది. అండ్లనే 24వ సెక్షన్ ఒకటుంది, చూసుకునే బాధ్యత ఉన్నోళ్లు పెద్దమనిషిని పూర్తిగ వదిలించుకునే ఉద్దేశంతోని ఎక్కడన్న ఇడిచిపెట్టి పోతే మూడు నెలల దాంక జైలు, లేకుంటే 5000 దాంక జరిమానా, లేకుంటే రెండూ. పుండు అయిందని గాదు, ఇడిచిపెట్టి పోతే. అందుకే ఫోన్ ఆఫ్ జేసి పోవద్దని మొట్టమొదలే చెప్పిన.

మనిషి చనిపోతే మాత్రం వేరే. 2024 జూలై 1 సంది పాత ఐపీసీ బదులు కొత్త న్యాయ సంహిత వచ్చింది, 106వ సెక్షన్, నిర్లక్ష్యంతోని చావుకు కారణమైతే ఐదేండ్ల దాంక జైలు. డాక్టరు వైద్యం చేస్తుండంగ అయితే రెండేండ్లే. నర్సు, ఆయా ఆ రెండేండ్ల లెక్కల రారు. రాసిచ్చినోడికి రెండేండ్లు, సూది వొడిసినోళ్లకు ఐదేండ్లు, బాగుంది గదా న్యాయం. మీ పెద్దాయన బతికే ఉన్నడు గాబట్టి ఈ లెక్క మీ అమ్మకు రాదు, అయినా ఒక వకీలును కలిసి మాట్లాడున్రి, ఊకె నా మాట వట్టుకొని కూసోకున్రి.

పోయినేడు పాలమూరు దిక్కు ఒక తండాల వారం దినాలు ఉన్న, మా చెల్లె అత్తగారి ఊరు. పక్కింట్ల ముసలాయన, పిల్లలందరు పుణె దిక్కు పనికి వోయిన్రు, 2016 రూపాయల పింఛన్, పొద్దుమీకి పక్కోళ్లు రెండు రొట్టెలు ఇస్తే తిని పండుకుంటడు. కాళ్లకు పుండ్లు, ఈగలు. కొడుకులను గూడ ఏమనలేం, ఆడ మట్టి మోస్తేనే ఈడ ఇల్లు నడుస్తది. ఆడ ఎవ్వలు వీడియో తీస్తలేరు, ఎందుకంటే తిట్టనీకి జీతగత్తె లేదు. ముసలోళ్ల కోసం 14567 అని ఫ్రీ నంబరు ఉంది, నేను ఆడికెళ్లే చేసిన.

అవ్వ ఇంటికాడికి వస్త. బిడ్డ ఒర్రుతనే ఉంది, అల్లుడు మాత్రం సప్పుడు చేయకుండ "ఏమన్న రాసిపెట్టిన్రా మీరు?" అని అడిగిండు. బుక్కు తెచ్చి ఇచ్చిన. మొదటి దినం ఎర్ర మచ్చ, ఫోటో తీసిన టైము, తిప్పినప్పుడల్ల తలుపు దిక్కా గోడ దిక్కా, జావ ఎన్ని చెంచలు తాగింది, మూత్రం ఎంత, సూది ఏ పక్క ఇచ్చిన, అన్నీ ఉన్నయి. ఆయన కుర్చీ గుంజుకొని కూసొని పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కొక్క పేజీ తిప్పుతుండు. నాకు ధైర్యమొచ్చింది. పదకొండో దినం కాడ ఆగిండు.

రాత్రి 12 తర్వాత ఏం లేదు. మళ్ల 6కే ఉంది. 2, 4 ఖాళీ.

"ఇదేంది?" అని వేలు వెట్టిండు.

ఏం లేదు, నిద్రవోయిన. పదకొండు దినాలు ఒక్క పూట లీవు లేదు, రిలీవర్ రాలే, కూసున్నకాడనే గోడకు ఒరిగి పడిపోయిన. చెప్పేస్తనని నోరు తెరిచిన.

"ఆ రాత్రి నేను తిప్పిన" అన్నది కోడలు, తలుపు కాడికెళ్లే. "ఆమెకు జరమొచ్చింది, నేనే పండుకోమన్న. రాసుడు యాది లేదు నాకు."

నాకు జరం గిరం ఏం రాలే. ఈ కోడలికి నాకు మొదటి దినం సంది పడదు, చాయ్‌ల చక్కెర ఎక్కువ వేసుకుంటనని ఒకటి, డైపర్లు ఎక్కువ మారుస్తనని ఒకటి, ఊకె గునిగేది. అల్లుడు ఆమె దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, బుక్కు మూసిండు. తెల్లారి డ్రెస్సింగ్‌కు తీసుకవోతే డాక్టరు పొట్ట మచ్చలు సూదులవే అని తేల్చి చెప్పిండు. బిడ్డ సారీ ఏం చెప్పలే, నాలుగో దినం వాపసు వోయింది, పోతూ పోతూ ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం కొనిచ్చింది. బ్యూరోవాళ్లు 'కంప్లైంట్ వచ్చింది' అని ఆ నెల నాకు రెండువేలు కోసిన్రు. పుండు మానేసరికి రెండున్నర నెలలు వట్టింది.

మీ అమ్మ కాడ ఏమన్న రాసినవి ఉంటే, క్యాలెండర్ మీద గీతలున్నా సరే, ఫోటోలు తీసి నువ్వు దాచిపెట్టు, అసలుది ఎవ్వలకూ ఇయ్యకు. ఖాళీలుంటే ఉండనియ్యి, ఇప్పుడు కూసొని నింపొద్దు.

డ్యూటీ అయిపోయి ఇంటికొచ్చిన చాన్నాళ్లకు బుక్కు ఇంకోసారి తీసి చూసిన. పదకొండో దినం రాత్రి 12కు 'తలుపు దిక్కు తిప్పిన' అని ఉంది. పొద్దుగాల 6కు గూడ 'తలుపు దిక్కు తిప్పిన' అనే ఉంది, నా చేత్తోని రాసిందే. ఆ నడుమ అవ్వ తనంతట తాను గోడ దిక్కు తిరిగే మనిషి గాదు.