గోడ రేటు అడిగే ముందు, అడుగులు ఎలా లెక్కేస్తారో అడగండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అబ్బాయి పదో తరగతి. వాడు చదువుకోవడానికి హాల్లో జిప్సం బోర్డు పార్టిషన్ పెట్టించాలనుకుంటున్నాం. గోడ 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, ఒక తలుపు. ఇక్కడి మేస్త్రీ తలుపు, పెయింటు అన్నీ కలిపి గుత్తగా 30,000 అన్నాడు. పాతపట్నం మేస్త్రీ చదరపు అడుగుకి 130 అన్నాడు, అంటే 15,600. మా పెయింటరు పుట్టీ, ప్రైమరు, రెండు కోట్ల రంగుకి అడుగుకి 22 అంటున్నాడు. తలుపు, ఫ్రేము 7,000. ఎలాగూ డబ్బు మిగులుతోంది కదా, 14 శాతానికి లక్ష పర్సనల్ లోన్ తీసుకుని ఫాల్స్ సీలింగు కూడా చేయించేద్దామా? ఎఫ్‌డీ 85,000 ఉంది, నెలకి 8,000 పొదుపు చేయగలం.

జవాబు: అమ్మా, డబ్బు మిగులుతోందని మీరే రాశారు కాబట్టి ముందు ఆ లెక్కే చూద్దాం.

మీ గోడ ఒక వైపు 120 చదరపు అడుగులు. పార్టిషన్‌కి రెండు వైపులా బోర్డు బిగిస్తారు కాబట్టి బోర్డు పని 240 అడుగులు. పాతపట్నం మేస్త్రీ చెప్పిన 130 గోడ అడుగుకా, బోర్డు అడుగుకా? గోడ అడుగుకైతే 15,600. బోర్డు అడుగుకైతే 31,200. ఈ ఒక్క మాట ముందే తేల్చుకోకపోవడం వల్ల పని అయ్యాక గొడవలు పడ్డవాళ్లని చాలామందిని చూశాను.

సరే, గోడ అడుగుకే అనుకుందాం. రంగు రెండు వైపులా పడాలి, 240 అడుగులకి 5,280. తలుపు 7,000. మొత్తం 27,880. గుత్త మేస్త్రీకీ ఈయనకీ తేడా 2,000 పైచిలుకే. బోర్డు అడుగుకైతే 43,480 అవుతుంది, అప్పుడు మీరు చవక అనుకున్నదే ఖరీదు.

బోర్డుల లెక్క మీరే వేసుకోవచ్చు. ఎక్కువగా దొరికే బోర్డు 6 అడుగులు, 4 అడుగులు, అంటే 24 చదరపు అడుగులు. 240ని 24తో భాగిస్తే 10. తలుపు ఖాళీ తీసేయకండి, కోతల్లో పోయేది దాంతో సరిపోతుంది. దారిలో మూలలు విరుగుతాయి కాబట్టి 11 తెప్పించి, ముట్టని బోర్డు వెనక్కి తీసుకుంటారా అని కొట్లో ముందే మాట్లాడుకోండి. లోపల బోర్డు బిగించడానికి నిలబెట్టే కమ్ములు, అంటే స్టడ్లు, 2 అడుగులకొకటి వేస్తే 7, తలుపుకి అటూ ఇటూ 2, మొత్తం 9. వాటిని పట్టి ఉంచడానికి కింద, పైన అడ్డంగా ఛానెల్ పట్టీ.

పిల్లాడి గది కాబట్టి పుస్తకాల అర ఎక్కడ వస్తుందో ఇప్పుడే గీసి చూపించండి. అక్కడ బోర్డు వెనక ప్లైవుడ్ పట్టీ పెట్టమనండి. ఉత్త జిప్సంలో దిగిన స్క్రూ పుస్తకాల బరువు మోయదు. మా ఇంట్లో ఈ పట్టీ పెట్టకుండా వదిలేశారు. ఆరు నెలలకే అర ఊడి, గోడకి అరచేయంత గుంట పడింది.

అసలు డబ్బు జారిపోయేది ఫినిషింగు దగ్గర. బోర్డుల అతుకు మీద పేపర్ టేపు, దాని మీద అతుకు కప్పే ముద్ద, అంటే కాంపౌండ్, మూడు పూతలు, ఒకటి బాగా ఆరాకే ఇంకొకటి. తొందరపడితే అతుకు గీతలా పైకి తేలుతుంది, మళ్లీ గీకి పుట్టీ పెట్టాల్సింది మీ డబ్బుతోనే. ప్రైమరు కొట్టే ముందు రాత్రిపూట ఫోను టార్చి గోడకి ఆనించి పక్కగా వెయ్యండి. నీడ కనిపించిన చోటల్లా ఎత్తుపల్లాలు ఉన్నట్టే, సాండ్‌పేపరు పట్టించమనండి. ఈ పరీక్ష అయ్యేదాకా కూలిలో అయిదో వంతు మీ దగ్గరే ఉంచుకోండి. సామాను డబ్బు మేస్త్రీ చేతికి కాకుండా కొట్టుకే కట్టి బిల్లు తీసుకోండి. టేపు, కాంపౌండ్, స్క్రూలు ఎవరివో కూడా కాగితం మీద రాయించండి.

ఇక లోను. లక్షకి 14 శాతం, 24 నెలలంటే ఈఎంఐ దాదాపు 4,800. మొత్తం వడ్డీ 15,200 పైనే. పాతపట్నం మేస్త్రీ గోడకి అడిగింది 15,600! సీలింగు లేకపోతే అబ్బాయి చదువు ఆగదు కాబట్టి దాన్ని ఇప్పటికి వదిలేయండి. ఎఫ్‌డీ కూడా కదపొద్దు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది అదే.

మీరు ఆషాఢంలో రాశారు. నాలుగు నెలలు 8,000 చొప్పున పక్కన పెడితే కార్తీకానికి 32,000 చేతిలో ఉంటాయి, గుత్త మేస్త్రీ రేటు అయినా సరిపోతుంది. అప్పటికి వానలు తగ్గి కాంపౌండ్ కూడా త్వరగా ఆరుతుంది. పరీక్షలకి ఇంకా టైం ఉంటుంది, టెన్షన్ పడకండి.

ఈలోగా ఒక్క పని చేయండి. ఈ వానలకి పార్టిషన్ వచ్చే చోట పైన స్లాబు చెమ్మ పడుతుందేమో వారానికోసారి చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాని ఎలా కుదిపేసిందో మీకు తెలిసిందే. చెమ్మ కనిపిస్తే పొదుపులో మొదటి ఖర్చు స్లాబుకే. నీళ్లు కారే కప్పు కింద జిప్సం బోర్డు ఉబ్బి మెత్తబడిపోతుంది.