ఐర్లాండ్ ఖర్చు నిజంగా అంత తగ్గిందా?

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం ఫ్రాన్స్, ఐర్లాండ్ ప్రభుత్వ వ్యయాలను పోలుస్తున్నాను. జీడీపీలో శాతంగా చూస్తే ఫ్రాన్స్‌ది 2010లోనూ 2023లోనూ 57 దగ్గరే ఉంది. ఐర్లాండ్‌ది మాత్రం 65 నుంచి 23కి పడిపోయింది. అక్కడ అంతగా కోతలు పెట్టారా? గ్రాఫ్ చూసి మా గైడ్ నమ్మడం లేదు.
— ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: మీ గైడ్ అనుమానం సబబైనదే. అంకెలు తప్పు కావు గానీ, ఆ గీతకు మొదలూ చివరా రెండూ మోసం చేసేవే.

2010లో ఐర్లాండ్ ప్రభుత్వం కుప్పకూలుతున్న బ్యాంకులను, ముఖ్యంగా ఆంగ్లో ఐరిష్ బ్యాంకును ఆదుకోవడానికి సుమారు 3,100 కోట్ల యూరోలకు ప్రామిసరీ నోట్లు రాసిచ్చింది. డబ్బు ఏళ్ల తరబడి కట్టాల్సినదే అయినా, లెక్కల్లో మొత్తం ఆ ఏటి ఖర్చు కిందే పడింది. అది జీడీపీలో ఐదో వంతుకు దగ్గర. తీసేసి చూడండి, 65 కాస్తా 46, 47కి దిగుతుంది. అందుకే 2010 నుంచి మొదలుపెట్టొద్దు. సంక్షోభానికి ముందున్న 2007 మేలు.

చివరి అంకెలో చిక్కు హారంలో ఉంది. 2015లో ఐర్లాండ్ జీడీపీ 26 శాతం పెరిగిందని మరుసటి ఏడాది జూలైలో ప్రకటించారు. బహుళజాతి కంపెనీలు పేటెంట్ల వంటి ఆస్తులను కాగితాల మీద అక్కడికి మార్చుకున్నందువల్ల వచ్చిన పెరుగుదల అది. జనం ఆదాయాలు అంత పెరగలేదు. అందుకే ఆ దేశ గణాంక కార్యాలయం 2017 నుంచి ఇలాంటి బహుళజాతి కంపెనీల ప్రభావాన్ని చాలావరకు తీసేసి లెక్కగట్టిన ‘సవరించిన స్థూల జాతీయాదాయం’ విడిగా ఇస్తోంది. దానితో భాగిస్తే 2023 ఖర్చు 23 కాదు, 40కి అటూ ఇటూ వస్తుంది. ఫ్రాన్స్‌కు ఈ సవరణ అక్కర్లేదు, జీడీపీతోనే భాగించండి. ఏ దేశానికి ఏ హారం వాడారో గ్రాఫ్ కిందే రాయండి, గైడ్ మొదట అడిగేది అదే.

ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్‌లో అంకెలు దించుకునేటప్పుడు రంగం దగ్గర ‘జనరల్ గవర్నమెంట్’ (అన్ని స్థాయుల ప్రభుత్వాలు, సామాజిక భద్రతా నిధులు కలిపి) ఎంచుకోవాలి. ‘సెంట్రల్’ నొక్కితే ఫ్రాన్స్ పింఛన్లు, వైద్యం ఖర్చులో పెద్ద భాగం ఎగిరిపోతుంది, ఎందుకంటే అవి సామాజిక భద్రతా నిధుల ఖాతాల్లో ఉంటాయి. తెలంగాణ బడ్జెట్ ఒక్కటే చూసి ఇక్కడ సర్కారు ఖర్చంతా ఇదేననడం లాంటిది అది. అలాగని కేంద్రం, స్థానికం, నిధులు మీరే కూడొద్దు. ఒకరు మరొకరికి ఇచ్చిన డబ్బు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

శాతాల పక్కనే తలసరి ఖర్చు కూడా పెట్టండి. ఐర్లాండ్ జనాభా ఈ కాలంలో సుమారు 46 లక్షల నుంచి 53 లక్షలకు చేరింది. ధరల పెరుగుదలను తీసేయడానికి వినియోగదారుల ధరల సూచీ వాడండి. జీడీపీలోని వస్తువులు, సేవలన్నిటికీ కలిపి లెక్కగట్టే ధరల సూచీ అయిన ఐర్లాండ్ జీడీపీ డిఫ్లేటర్‌లోకి ఆ బహుళజాతి కంపెనీల లెక్కలే మళ్లీ దూరతాయి.