గాజువాక నాన్నగారికి: క్లే షూటింగ్ గ్రౌండ్ ఎక్కడ, ఏడాది ఫీజు కట్టాలా వద్దా

గాజువాక నుంచి ఒక నాన్నగారు అడిగారు. వాళ్ళబ్బాయికి 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. సంక్రాంతి సెలవులకి హైదరాబాద్ లో బాబాయి ఇంటికెళ్ళి, గాల్లోకి ఎగిరే పిడతల్లాంటి వాటిని తుపాకీతో పేల్చే క్లే షూటింగ్ చూసొచ్చాడట, వచ్చిన దగ్గర్నుంచి ఫిజిక్స్ లేదు మ్యాథ్స్ లేదు, ఫోన్లో అవే వీడియోలు. "వైజాగ్ చుట్టుపక్కల మంచి గ్రౌండ్ ఎక్కడుందండీ? దీంట్లో కెరీర్ ఉందా? ఇక్కడ ఒక అకాడమీ వాళ్ళు ఏడాది ఫీజు ఒకేసారి కట్టేయమంటున్నారు, కట్టేయమంటారా?"

కట్టకండి సార్. కనీసం ఇప్పుడే కట్టకండి.

ఎందుకంటే వైజాగ్ లో షూటింగ్ అకాడమీ అని బోర్డు కనపడితే లోపల ఉండేది మామూలుగా 10 మీటర్ల హాలు, ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్, ఎదురుగా కదలని టార్గెట్. అది తక్కువ ఆట అని నేను అనట్లేదు, షూటింగ్ లో మనకి ఒలింపిక్ మెడల్స్ ఎక్కువ తెచ్చింది ఆ వైపు వాళ్ళే. కానీ మీవాడు చూసొచ్చింది వేరే ఆట. దానికి 12 బోర్ షాట్‌గన్ కావాలి, క్లేలు విసిరే మెషీన్లు కావాలి, అన్నిటికన్నా ముందు స్థలం కావాలి. ఒక్కో కార్ట్రిడ్జ్ లో 24 గ్రాముల దాకా సన్నటి సీసం గుళ్ళు ఉంటాయి, అవి క్లేని తాకినా తాకకపోయినా ముందుకెళ్ళి రెండొందల మీటర్ల అవతల కూడా రాలతాయి, ఆ మేరంతా మనిషి గానీ గొడ్డు గానీ తిరక్కూడదు. మన ఊళ్ళో ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు, మధ్యలో నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంట్, మిగిలిన దాంట్లో అపార్ట్‌మెంట్లు, ఇంకెక్కడ పెడతారు చెప్పండి. ఇంకో మాట, నేవీ వాళ్ళ ఫైరింగ్ రేంజ్ లో నేర్పిస్తాం, మాకు తెలిసినవాళ్ళు ఉన్నారు అని ఎవరైనా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి, డిఫెన్స్ రేంజ్ లు బయటి పిల్లలకి అలా తెరవరు.

కాబట్టి మీకు ఫీజు చెప్పినవాళ్ళని అడగాల్సింది మూడే ముక్కలు: షాట్‌గన్ ఉందా, క్లేలు విసిరే ట్రాప్ మెషీన్లు ఎన్ని, అవి ఏ ఊళ్ళో ఉన్నాయి. "ముందు ఏడాది ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటే తర్వాత అక్కడికి పంపిస్తాం" అన్నారనుకోండి, అందులో సగమే నిజం. గన్ ఎలా పట్టుకోవాలి, ఎటు తిప్పకూడదు అనే క్రమశిక్షణ అక్కడ బాగా వస్తుంది. ఆట మాత్రం రాదు. రైఫిల్ లో ఒళ్ళు రాయిలా బిగించి ఊపిరి ఆపి కొడతారు, క్లేలో నడుము నుంచి పైదంతా క్లేతో పాటు తిరగాలి, చాలామంది రెండు కళ్ళూ తెరిచే కొడతారు, ఆగి గురి చూశాడా క్లే వెళ్ళిపోయినట్టే.

సరే మరి గ్రౌండ్ ఎక్కడ అంటారా. మీవాడు చూసొచ్చింది బహుశా అదే అయ్యుంటుంది, గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ లోపల ఉన్న షూటింగ్ రేంజ్. క్లే షూటింగ్ లో రకాలైన ట్రాప్, స్కీట్ రెండూ అక్కడ ఉన్నాయి, వాటి తేడా కింద చెప్తా. హైదరాబాద్ కుర్రాడే కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్ లో ట్రాప్ ఆడాడు, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ టీమ్ గోల్డ్, విడిగా బ్రాంజ్ కూడా తెచ్చుకున్నాడు, అంటే మన పక్కనుంచి ఆ స్థాయికి దారి ఉంది. పైగా మీకు అక్కడ బాబాయి ఇల్లుంది, జన్మభూమి ఎక్కితే లింగంపల్లిలో దిగొచ్చు, క్యాంపస్ అక్కడికి దగ్గర. నన్నడిగితే పరీక్షలయ్యాక వేసవిలో కొన్ని వారాలు అక్కడ ఉంచండి, రేంజ్ వాళ్ళ గన్ తోనే కొట్టించండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

వెళ్ళినప్పుడు మీరు కూడా ఒక పూట అక్కడ ఊరికే కూర్చోండి. కోచ్ చెప్పే మాటల కన్నా జనం గన్ పట్టుకుని ఎలా నడుస్తున్నారో చూడండి. మంచి గ్రౌండ్ లో ఒక స్టేషన్ (నిలబడి కొట్టే చోటు) నుంచి ఇంకో స్టేషన్ కి నడిచేటప్పుడు గన్ మధ్యకి విరిచి తెరిచే ఉంటుంది, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని పక్కవాడికి దూరం నుంచే కనపడాలి. కార్ట్రిడ్జ్ లోపల పెట్టేది తన వంతు వచ్చి స్టేషన్ లో నిలబడ్డాకే. చెవులకి మఫ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా ఒక్కడు కూడా ఉండడు, చూడ్డానికొచ్చిన మీకు కూడా ఇస్తారు. ఎవడైనా సీనియర్ గన్ మూసి భుజాన వేసుకుని టీ తాగుతూ కబుర్లు చెప్తుంటే, వాణ్ణి ఎవరూ ఏమీ అనకపోతే, ఆ గ్రౌండ్ ఎంత పేరున్నదైనా మీ అబ్బాయిని అక్కడ దింపొద్దు. ఇంకా చూడాల్సింది, గంటలో కొత్త పిల్లాడికి ఎన్ని క్లేలు దక్కుతున్నాయి, మెషీన్ మొరాయిస్తే ఎంతసేపు కూర్చోబెడుతున్నారు, స్కోర్ రాస్తున్నారా లేదా. స్కోర్ పుస్తకం లేని చోట పిల్లాడు బాగా కొడుతున్నాడు అనే మాటకి విలువ లేదు.

ట్రాపా స్కీటా అనేది కూడా జేబుకి సంబంధించిన ప్రశ్నే. ట్రాప్ లో షూటర్ ముందు 15 మీటర్ల దూరంలో కందకం, అందులో 15 మెషీన్లు, "పుల్" అని అరవగానే ఏ వైపు వెళ్తుందో తెలియకుండా క్లే దూసుకుపోతుంది, పోటీ క్వాలిఫికేషన్ లో ఒక్కో క్లేకి రెండు దెబ్బలు కొట్టొచ్చు. స్కీట్ లో అటొక గది ఇటొక గది, వాటిలోంచి క్లేలు అడ్డంగా వస్తాయి, దారి ముందే తెలుసు, కానీ క్లే కనపడేదాకా గన్ నడుము దగ్గరే ఉంచాలి, ఒక్కోదానికి ఒక్కటే దెబ్బ. ఒక రౌండ్ అంటే 25 క్లేలు. రోజుకి నాలుగు రౌండ్లు ఆడితే స్కీట్ లో 100 కార్ట్రిడ్జ్ లు, ట్రాప్ లో రెండో దెబ్బని బట్టి అంతకన్నా ఎక్కువే అవుతాయి. ఫీజు గురించి మాట్లాడేవాళ్ళు ఈ కార్ట్రిడ్జ్ ల, క్లేల లెక్క చెప్పరు, అసలు ఖర్చంతా అక్కడే. రౌండ్ కి ఎంత పడుతుంది అన్నీ కలిపి అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇంట్లో ఇప్పుడే చేసుకోగలిగింది ఒకటుంది. అబ్బాయిని గోడ గడియారానికి ఎదురుగా నిలబెట్టి, రెండు అరచేతులూ ముందుకి చాపి బొటనవేళ్ళ మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో ఆ సందులోంచి గడియారం చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది వాడి బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి బలమైన కన్ను ఎడమది అయితే కంగారు పడక్కర్లేదు, కాకపోతే మొదటి రోజే కోచ్ కి చెప్పాలి, ఎడమ భుజానికి మారాలా, అద్దం మీద చిన్న టేప్ అతికించాలా అనేది ఆయన చూసుకుంటాడు. ఇది చూడకుండా నెలల తరబడి "గురి కుదరట్లేదు" అని పిల్లల్ని తిట్టేవాళ్ళు ఉన్నారు, పాపం.

గన్ కొనే ఆలోచన అసలు పెట్టుకోకండి. 21 ఏళ్ళు నిండితేగానీ తన పేరు మీద ఆయుధ లైసెన్స్ రాదు, ఈలోపు రేంజ్ లో పెద్దవాళ్ళ పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు. మంచి ఇటాలియన్ గన్ లక్షల్లో ఉంటుంది, పైగా ఈ వయసు కుర్రాళ్ళు ఇంకా పొడుగవుతారు, ఇవాళ సరిపోయిన బట్, అదే భుజానికి ఆనించే చెక్క భాగం, రెండేళ్ళకి పొట్టిదవుతుంది. ఎవరైనా లైసెన్స్ మేం ఇప్పిస్తాం అని డబ్బడిగితే నమ్మొద్దు, ఆ ఫైల్ పోలీస్ వెరిఫికేషన్ దాటకుండా ఎవరి చేతిలోంచీ రాదు.

ఇక కెరీర్. కుండబద్దలు కొట్టినట్టు చెప్తా, షాట్‌గన్ లో ఇండియాకి ఇప్పటిదాకా వచ్చిన ఒలింపిక్ మెడల్ ఒక్కటే, 2004 ఏథెన్స్ లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్ (ఒకేసారి రెండు క్లేలు వదిలే ఈవెంట్) సిల్వర్, ఆయన ఆర్మీ ఆఫీసర్, ఆ ఈవెంట్ నే తర్వాత ఒలింపిక్స్ లోంచి తీసేశారు. 2024 పారిస్ లో స్కీట్ మిక్స్‌డ్ టీమ్ లో మనవాళ్ళు మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరుకా చైనా చేతిలో 43-44 తో బ్రాంజ్ పోగొట్టుకున్నారు, ఒక్క క్లే తేడా. దేశంలో పైకి వచ్చినవాళ్ళలోనే ఇలా ఉంటే దీన్నే నమ్ముకుని ఎంపీసీ వదిలేయమని ఏ కౌన్సెలర్ అయినా అంటే వాడు మీ శ్రేయోభిలాషి కాదు. అలాగని దారి లేదనుకోవద్దు. స్టేట్ చాంపియన్‌షిప్, సౌత్ జోన్, నేషనల్స్ అని మెట్లు ఉన్నాయి, స్టేట్ రైఫిల్ అసోసియేషన్ ద్వారా వెళ్ళాలి, నేషనల్ రైఫిల్ అసోసియేషన్ షూటర్ ఐడీ తీసుకోవాలి. ఆర్మీ, నేవీ, రైల్వే, సీఆర్‌పీఎఫ్ లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాలో షూటర్లని తీసుకుంటారు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ లో కూడా స్పోర్ట్స్ కేటగిరీ ఉంది, సర్టిఫికెట్ ఏ స్థాయిదో దాన్నిబట్టి ప్రయారిటీ. అకాడమీ వాళ్ళు సొంతంగా ప్రింట్ చేసిచ్చిన రంగుల సర్టిఫికెట్లు అక్కడ పనికిరావు. ఆడటం కాకపోతే రేంజ్ లో కోచ్, జడ్జి, రిఫరీ పనులు కూడా ఉన్నాయి, ఇంటర్నేషనల్ ఫెడరేషన్ వాళ్ళ కోచ్, జడ్జి లైసెన్సులు ఉంటాయి, కానీ అవి ముందు కొన్నేళ్ళు ఆడినవాడికే రుచిస్తాయి.

అబ్బాయితో మాత్రం వద్దు అనకండి సార్, 16 ఏళ్ళ వాడికి వద్దు అంటే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఫస్టియర్ పరీక్షలు బాగా రాస్తే వేసవిలో ఆ కొన్ని వారాలు హైదరాబాద్ అని ఒప్పందం చేసుకోండి. వేసవి అయ్యేసరికి వాడి స్కోర్ పుస్తకంలో 25కి ఎన్ని పడుతున్నాయో వారం వారం చూడండి, అంకె పెరుగుతూ ఉండి, ఎండలో నిలబడి భుజం కమిలినా మర్నాడు పొద్దున్నే లేస్తున్నాడంటే అప్పుడు రాయండి, సెకండియర్ చదువుతో కలిపి ఎలా కుదుర్చుకోవాలో చూద్దాం. ఆ గాజువాక అకాడమీలో ఎయిర్ రైఫిల్ నేర్చుకోవాలని వాడికే అనిపిస్తే నెల నెలా కట్టే పద్ధతి ఉందేమో అడగండి, లేదంటే వదిలేయండి.