‘హై’ అన్నా ఆగాల్సిందేనా?

ప్రశ్న: ఫొటోల సైజు తగ్గించే పనిని మా సి ప్రోగ్రామ్ నుంచి గేర్‌మ్యాన్ (పనుల్ని తీసుకుని వేరే ప్రోగ్రామ్‌లకి పంచిపెట్టే సాఫ్ట్‌వేర్) సర్వర్‌కి పంపుతున్నాం. అర్జెంట్ ఫొటోలకి ‘గేర్‌మ్యాన్_క్లయింట్_డూ_హై’ వాడాను. అయినా ఒక్కోసారి ప్రోగ్రామ్ ఆ లైన్ దగ్గరే బిగుసుకుపోతోంది. హై ప్రయారిటీ పనిచేయట్లేదా?

జవాబు: పనిచేస్తోంది. కాకపోతే మీరనుకున్నంత చేయదు. సెలూన్‌లో ఎంత పెద్దమనిషి వచ్చినా, సగం గడ్డం గీసినవాణ్ని కుర్చీలోంచి లేపరు కదా! బెంచీ మీద కూర్చున్నవాళ్లకంటే ముందు పిలుస్తారు, అంతే. ‘హై’ కూడా అంతే. వర్కర్ (అసలు పని చేసిపెట్టే ప్రోగ్రామ్) చేతిలో ఉన్న పని పూర్తయ్యేదాకా మీ అర్జెంట్ ఫొటో ఆగాల్సిందే.

ఇంకో మెలిక ఉంది. గేర్‌మ్యాన్‌లో ఒక్కో ఫంక్షన్ పేరుకి, అంటే ఒక్కో రకం పనికి పెట్టిన పేరుకి, ఒక్కో క్యూ. హై, నార్మల్, లో అనే తేడా ఆ క్యూ లోపలే. ఒకే వర్కర్ ఫొటోలూ వీడియోలూ రెండూ చేస్తుంటే, ఫొటోల్లోని ‘హై’ వీడియోల్లోని ‘నార్మల్’ కంటే ముందు వస్తుందన్న హామీ లేదు. నన్నడిగితే, అర్జెంట్ పనికి వేరే ఫంక్షన్ పేరు పెట్టి, దానికోసమే ఒక వర్కర్‌ని కూర్చోబెట్టండి. ఒకే క్యూలో ‘హై’ పనులు ఆగకుండా వస్తూనే ఉంటే మాత్రం ‘లో’ పనులకి వంతు రాదు.

ఇక బిగుసుకుపోవడం సంగతి. ‘డూ’ రకం కాల్స్ ఫలితం వచ్చేదాకా కదలవు, పైగా మామూలుగా వాటికి గడువు ఉండదు. క్లయింట్ (సర్వర్‌కి పని పంపే మీ వైపు భాగం) తయారు చేయగానే ‘సెట్_టైమౌట్’కి 5000 ఇవ్వండి. అది మిల్లీసెకన్లలో, అంటే 5 సెకన్లు. గడువు దాటితే టైమౌట్ కోడ్ వస్తుంది. అయితే మీరు ఆగిపోయినంత మాత్రాన, అప్పటికే పని మొదలుపెట్టిన వర్కర్ ఆగదు. ఫలితం వచ్చాక అది ఉన్న మెమరీని ‘ఫ్రీ’ (ఖాళీ) చేయాల్సింది మీరే. ఇది మర్చిపోతే రోజుల తరబడి నడిచే ప్రోగ్రామ్ మెల్లగా ఉబ్బిపోతుంది.

ఇవన్నీ చేసే ముందు ఒక్కసారి టెల్‌నెట్‌తో (సర్వర్‌తో నేరుగా టైప్ చేసి మాట్లాడే టూల్) గేర్‌మ్యాన్ సర్వర్ 4730 పోర్టుకి కనెక్ట్ అయి ‘స్టేటస్’ అని కొట్టండి. ఒక్కో ఫంక్షన్ పేరు పక్కన మూడు అంకెలు కనిపిస్తాయి: మొత్తం పనులు, నడుస్తున్నవి, ఉన్న వర్కర్లు. ‘12, 1, 1’ అని ఉంటే ఒక్క వర్కరే 12 పనులతో కుస్తీ పడుతున్నట్టు. చివరి అంకె సున్నా అయితే ఆ పని చేసే నాథుడే లేడు. ఒకసారి నేనూ గంటసేపు నా కోడ్‌ని తిట్టుకున్నాను. తీరా చూస్తే క్లయింట్‌లో ‘రీసైజ్’, వర్కర్‌లో ‘రిసైజ్’ అని రాసుకున్నాను. ఆ పేరుతో వర్కర్ ఎవరూ లేరని సర్వర్ చెప్పదు. కిమ్మనకుండా పని తీసుకుని, కొత్త క్యూలో పెట్టేసుకుంటుంది.