వైజాగ్ నుంచి మొదటి ఆఫ్‌రోడ్ ట్రిప్: ఎటు వెళ్లాలి, బండిలో ఏం చూసుకోవాలి?

కొత్తగా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి) కొన్నాను, వైజాగ్ నుంచి ఎటు వెళ్లాలి, బండిని ఎలా సిద్ధం చేసుకోవాలి అని అడిగారు. మొదటిసారి పాడేరు వైపు వెళ్లండి. దాదాపు 110 కిలోమీటర్లు. ఘాట్ అంతా తారు రోడ్డే. పాడేరు, చింతపల్లి చుట్టూ ఊళ్లకు వెళ్లే మట్టిదారులు చేయి తిరగడానికి చాలు. వానాకాలంలో మాత్రం వద్దు. ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, కొండ మీద వాన పడితే గెడ్డ (కొండవాగు) ఉన్నట్టుండి పొంగుతుంది. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులోకి వెళ్లకండి, ఎవరి పొలమూ తొక్కకండి.

బండిలో అన్నిటికంటే ముందు టైర్లు. గాలి మామూలుగా 32 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) పెడుతుంటే మట్టిదారిలో 25కు దించండి. టైరు కాస్త పరుచుకుని రాళ్ల మీద కూడా పట్టు దొరుకుతుంది, కుదుపూ తగ్గుతుంది. అలా దించాక స్పీడు వద్దు. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి కాబట్టి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ వెంట ఉండాల్సిందే. స్టెప్నీలో గాలి కూడా చూసుకోండి, చాలామంది మర్చిపోయేది అదే.

నిటారు దిగుడులో ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ ఎక్కువ బలం, తక్కువ వేగం ఇచ్చే సెట్టింగ్), ఫస్ట్ గేరులో దిగండి. బ్రేకు తొక్కిపెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి కలిపే రకం) అయితే పొడి తారు మీద టూ హైకి, అంటే రెండు చక్రాలకే శక్తి వెళ్లే మామూలు సెట్టింగ్‌కి మార్చేయండి.

ఇరుక్కుంటే తాడు ఛాసిస్‌కున్న హుక్‌కే కట్టాలి, బంపర్‌కు కాదు. లాగేటప్పుడు దగ్గర్లో ఎవరూ నిలబడకూడదు. లాగడానికి ఇంకో బండి కావాలి, అందుకే ఒంటరిగా వెళ్లకండి.