కొత్త ఉద్యోగంలో చేరిన మేనకోడలికి

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి రెండు సంగతులు ఒకే గుక్కలో చెప్పింది. కంపెనీ వాళ్లు నీ పేరుతో మెయిల్ ఐడీ ఇచ్చారట, సోమవారం నుంచి క్లయింట్లకు నువ్వే రాయాలట. జీతం పడగానే ల్యాప్‌టాప్, ఫోన్ ఈఎంఐ మీద తీసుకుంటున్నావట. మన ఇంట్లో ఆఫీసు మెట్లెక్కిన ఆడపిల్లను నేనే మొదటిదాన్ని. ఆ తర్వాత నువ్వే. ఎంత సంబురమైందో చెప్పలేను. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ముందు మెయిళ్ల సంగతి. మా ఆఫీసులో చాలా ఏళ్లు సెక్షన్ మొత్తానికి ఒకటే కంప్యూటర్, ఆఫీసు మొత్తానికి ఒకటే మెయిల్ ఐడీ. వచ్చిన మెయిల్‌ను ప్రింట్ తీసి తపాల్‌లో పెట్టేవాళ్లు. ఇన్‌వర్డ్ నంబర్ పడి, ఆఫీసర్ ఇనీషియల్ అయ్యాకే అది మా బల్ల మీదికొచ్చేది. జవాబు బయటికి పోవడానికీ అంతే తతంగం. నేను డ్రాఫ్ట్ రాస్తే సూపరింటెండెంట్ ఎర్ర సిరాతో దిద్దేవాడు, ఆఫీసర్ చదివి సంతకం పెట్టేవాడు, డిస్పాచ్‌లో నంబర్ పడేది. అంటే ఒక ఉత్తరం గడప దాటేలోపు ముగ్గురి కళ్లు దాని మీద పడేవి. నువ్వు పంపే మెయిల్‌ను పోయేముందు నువ్వు తప్ప ఎవరూ చూడరు. నా భయమంతా అక్కడే. ఆ ముగ్గురి పనీ నువ్వొక్కదానివే చెయ్యాలి.

సబ్జెక్ట్ ఖాళీగా వదలకు. ఒక మెయిల్‌లో ఒకటే విషయం రాయి. ఫైల్ పంపేదుంటే ముందు దాన్ని అటాచ్ చేసి, తర్వాత రాయడం మొదలుపెట్టు. ఎవరికి పంపాలో ఆ అడ్రస్ అన్నిటికంటే చివర నింపు. అప్పుడు సగం రాసిన మెయిల్ చెయ్యి తగిలి పోయే ప్రమాదం ఉండదు.

కాపీల విషయంలో జాగ్రత్త. ఉత్తరం కింద "కాపీ టు" అని పేర్లు వరసగా టైప్ చేసి, ఏ కాపీ ఎవరిదో ఆ పేరు పక్కన పెన్నుతో టిక్కు పెట్టేవాళ్లం. టిక్కుకొక కాగితం, కాగితానికొక కవరు. అందుకే ఒక్క పేరు చేర్చాలన్నా ఆయనకు ఇది ఎందుకని అడిగేవాళ్లం. నువ్వూ ప్రతి పేరు దగ్గర ఆ ప్రశ్న వేసుకో. రిప్లై ఆల్ నొక్కేముందు పేర్ల వరస పైనుంచి కింది దాకా చదువు.

ఇంకో సంగతి మీ కంపెనీలో ఎవరూ చెప్పరేమో, నేను చెబుతా. ఆఫీసు ఫైల్‌లో రెండు భాగాలుంటాయి. నోట్ ఫైల్‌లో మేము లోపల అనుకున్నవన్నీ ఉంటాయి. ఈ రేటు ఎక్కువనీ, ఈయన నిరుడు ఇట్లా చేశాడనీ, బేరమాడితే తగ్గుతాడనీ. కరెంట్ ఫైల్‌లో వచ్చిన ఉత్తరాలు, పంపిన జవాబులు ఉంటాయి. బయటివాళ్లకు నోట్ ఫైల్ పంపేవాళ్లం కాదు. మీ మెయిళ్లలో ఆ రెండూ కలిసిపోయి ఉంటాయి. మీ టీమ్ నాలుగు రోజులు లోపల మాట్లాడుకున్నదంతా కింద గొలుసులాగా వేలాడుతుంటే, పైన రెండు వాక్యాలు రాసి క్లయింట్‌కు ఫార్వర్డ్ చేస్తారు. అట్లా చెయ్యకు. బయటికి పోయే జవాబుకు కొత్త మెయిల్ తెరువు. లేదంటే కిందికంటా జరిపి, చివరి లైన్ దాకా చదివాకే పంపు.

కోపంలో ఉన్నప్పుడు ఏం రాసినా డ్రాఫ్ట్‌లోనే ఉంచి, తెల్లారి చదువుకో. పంపినదాన్ని వెనక్కి తీసుకోవచ్చులే అనుకోకు. జీమెయిల్‌లో ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే గడువు, అదీ సెట్టింగ్స్‌లో మార్చి పెట్టుకుంటేనే. అవుట్‌లుక్‌లో రీకాల్ అని ఒకటుంటుంది కానీ, అది మీ సంస్థ లోపలివాళ్లకు పంపినప్పటి మాట. క్లయింట్‌కు పోయింది పోయినట్టే.

మేనేజర్‌కు పేరు పెట్టి రాయడానికి జంకుతున్నావని మీ అమ్మ చెప్పింది. అక్కడ అందరూ పేర్లతోనే రాస్తుంటే నువ్వూ అట్లాగే రాయి. గౌరవం చూపించాలంటే అడిగినదానికి అడిగినరోజే జవాబివ్వు, ఆలస్యమైతే ఆ మాటే ముందు చెప్పు. పదో తరగతి దాకా తెలుగు మీడియం అని ఇంగ్లిష్‌కు భయపడకు. చిన్న చిన్న వాక్యాలు రాయి. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, అంతే. పెద్ద పెద్ద మాటలు పేర్చి చివరికి ఏం అడిగారో తెలియని డ్రాఫ్టులు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. నువ్వు ఏడో తరగతిలో నాకు రాసిన కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. "అత్తా, సెలవులకు వస్తున్నాం, పిల్లలమర్రి చూపించు." అందులో అక్కర్లేని మాట ఒక్కటీ లేదు. అట్లా రాయి చాలు.

ఇది మాత్రం నా మాట మీద నమ్మకముంటే తప్పకుండా చెయ్యి. పైవాళ్లు ఫోన్లోనో క్యాంటీన్లోనో ఏదైనా పని చెబితే, సీటుకొచ్చి కూర్చోగానే రెండు లైన్ల మెయిల్ పెట్టు. "ఇప్పుడు మీరు చెప్పినట్టు ఫలానా పని ఫలానా తేదీలోపు మొదలుపెడుతున్నాను" అని. నోటి మాట మీద ఫైల్ కదిలించిన పాపానికి మెమోలు అందుకున్నవాళ్లను చూశాను. చెప్పిన పెద్దమనిషి "నేనెప్పుడు చెప్పాను?" అంటే వాళ్ల చేతిలో చిన్న చీటీ కూడా లేదు. అందరూ అట్లా ఉండరు, నీ మేనేజర్ మంచివాడే కావచ్చు. అయినా పెట్టు. ఆడపిల్లవు కాబట్టి ఇంకోమాట. రాత్రి పదింటికి వాట్సాప్‌లో వచ్చే ఆఫీసు ముచ్చటకు జవాబు తెల్లారి మెయిల్‌లో ఇవ్వు. దాన్ని తప్పుపట్టేవాడుంటే వాడితో జాగ్రత్తగా ఉండు.

ఇక సామాన్ల సంగతి. కంపెనీ ల్యాప్‌టాప్ ఇచ్చింది కదా, మళ్లీ ఇంకోటి ఎందుకని మీ అమ్మ బాధ. నేను మాత్రం నీ వైపే. సొంతది ఉండాలి. కంపెనీ మిషన్‌లో నీ ఆధార్, పాన్, పెళ్లి ఫోటోలు, ఇంకో ఉద్యోగానికి రాసుకున్న బయోడేటా పెట్టకు. అది వాళ్ల వస్తువు, అడిగిన రోజు ఇచ్చెయ్యాలి. అట్లాగే ఆఫీసు ఫైల్స్ నీ సొంత ల్యాప్‌టాప్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకు. అది ఉద్యోగానికే ముప్పు. ఆఫీసు మెయిల్ ఐడీని బ్యాంకుకు గానీ, షాపింగ్‌కు గానీ, ఈఎంఐకి గానీ ఇవ్వకు. ఉద్యోగం మారిన రోజు ఆ ఐడీ మూతపడుతుంది, నీ బిల్లులు, ఓటీపీలు అందులోనే ఉండిపోతాయి.

ల్యాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ చాలని మావాడు చెప్పాడు. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందా, బోర్డుకే అతికించి ఉందా అని అడగమన్నాడు. బిల్లు మీద, డబ్బా మీద, మిషన్ అడుగున సీరియల్ నంబర్ ఒకటేనా అని దుకాణంలోనే చూసుకో. వారంటీ ఎప్పటిదాకా ఉందో ఆ నంబర్ కొట్టి ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో చూసుకో. ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది. అది బిల్లు మీద రాయించుకో. 2023లో సంచార్ సాథీ అని సర్కారు సైట్ వచ్చింది. ఫోన్ పోతే అందులో ఆ నంబర్‌తోనే బ్లాక్ చేయించాలి. ఆన్‌లైన్‌లో ఎవడైనా పైసలు కాజేస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. సిగ్గుపడి కూర్చోకు.

సున్నా వడ్డీ అన్నారని మురిసిపోకు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. 60,000 ల్యాప్‌టాప్‌ను ఒకేసారి కడితే 57,000కు ఇస్తారనుకో. ఆ తగ్గింపు వదులుకున్నావంటే ఆ 3,000 వడ్డీయే. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజుకు 18 శాతం జీఎస్టీ. లెక్క వేసుకుని, అయినా ఈఎంఐయే నయమనిపిస్తే తీసుకో. నేను వద్దనను. రెండూ ఒకే నెలలో మాత్రం వద్దు. ముందు ల్యాప్‌టాప్ తీసుకో.

అసలు నిద్ర పట్టనిది దీనికి కాదు. ఫోన్ పెట్టేసేముందు మీ అమ్మ ఇంకోమాట అన్నది. మీ రూమ్‌మేట్‌కు క్రెడిట్ కార్డు లేదట, ఆమె ఫోన్ కూడా నీ కార్డు మీదే తీస్తావట, ఆమె నెలనెలా నీకు ఇచ్చేస్తుందట.

మీ నాయిన నీకెప్పుడూ చెప్పి ఉండడు. 1996లో వరల్డ్ కప్ మన దేశంలో జరిగినప్పుడు ఊరంతా కలర్ టీవీల పిచ్చి. మీ నాయిన అప్పుడు జడ్చర్లలో ఒక ప్రైవేట్ బడిలో సారు. కొత్తగా పెళ్లయింది. చిన్నప్పటి నుంచి ఒక్క కంచంలో తిన్న దోస్తు ఒకడు, టైలర్, కిస్తీల మీద టీవీ తీసుకున్నాడు. నెల జీతమున్న మనిషి జామీను కావాలని దుకాణంవాళ్లు అడిగితే మీ నాయిన సంతకం పెట్టాడు. ఇంట్లో ఎవరినీ అడగలేదు. సంతకమే కదా అనుకున్నాడు.

నాలుగైదు కిస్తీలు బాగానే కట్టాడు. తర్వాత రెడీమేడ్ బట్టలొచ్చి మిషన్ పని తగ్గింది. ఒకరోజు అతను బొంబాయి బస్సెక్కాడు. పాలమూరులో అది కొత్త సంగతేమీ కాదు, పని లేకపోతే బొంబాయి. అతను చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. దుకాణం మనిషి మాత్రం నేరుగా బడికే వచ్చాడు. హెడ్‌మాస్టర్ ముందు, పిల్లలు చూస్తుండగా సంతకం కాగితం తీసి చూపించాడు.

నేనే పోరు పెట్టి మీ నాయినను ఆ దోస్తు ఇంటికి పంపించా, పోయి టీవీ అయినా తెచ్చుకో అని. పోయాడు. ఇంట్లో ఆ పిల్లగాని తల్లి, మనవడు ఉన్నారు. ముసలామె చాయ్ పెట్టి ఇచ్చి, టీవీ ముందు స్టూల్ జరిపి, "కూసో బిడ్డా, చూసి పో" అన్నదట. చాయ్ తాగి వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ప్రతి నెలా కిస్తీ తనే కట్టాడు. రశీదులు గోడకు తీగకు గుచ్చి పెట్టేవాడు. ఒకసారి నేను తీసి చూశా. ప్రతి రశీదు మీదా దోస్తు పేరే, కింద సన్నగా "ద్వారా" అని మీ నాయిన పేరు. రెండు నెలలు జీతం సరిపోక మీ అమ్మ పట్టగొలుసులు తీసి ఇచ్చింది. కొత్త కోడలు, ఒక్క మాట అనలేదు. మీ అమ్మ నీ మీద ఊరికే కేకలేస్తుందని నువ్వు విసుక్కుంటావే, ఆమె ఆ రోజు అనాల్సిన మాటలు కూడా ఉంటాయి అందులో.

ఏళ్ల తర్వాత అతను తిరిగొచ్చాడు. మీ నాయిన ఎదురుపడితే సందులోకి తిరిగిపోయేవాడు. పైసలు ఎట్లాగో తీరాయి కానీ ఆ స్నేహం మళ్లీ అతకలేదు. నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అప్పుడు మీ నాయిన జామీనుదారుడు మాత్రమే. ఇప్పుడు నీ కార్డు మీద తీస్తే అప్పు చేసిందానివి నువ్వే. ఆ పిల్ల ఒక నెల ఇవ్వకపోతే బ్యాంకు దృష్టిలో ఎగ్గొట్టింది నువ్వు, సిబిల్ స్కోర్ పడిపోయేది నీది. రేపు ఇంటి అప్పుకు పోయినప్పుడు ఆ ఫోన్ సంగతి చెబితే ఎవరూ వినరు. ఆమె మంచి పిల్లే అయి ఉంటుంది. ఆమె ఉద్యోగం పోతే? పెళ్లి కుదిరి ఊరికి పోతే?

మాట ఇచ్చేశానంటావు, నాకు తెలుసు. నువ్వు అచ్చం మీ నాయినవే. ఒక పని చెయ్యి. కొత్త ఫోన్ కొనుక్కున్నాక నీ పాతది ఆమెకు ఇచ్చెయ్యి. ఇచ్చేముందు గూగుల్ అకౌంట్ తీసేసి, సిమ్ తీసి, రీసెట్ కొట్టు. ఆమె ఎంతిస్తే అంత తీసుకో, ఇవ్వకున్నా అడగకు. కొత్తదే కావాలని పట్టుబడితే మా మేనత్త ఒప్పుకోలేదని చెప్పు. చెడ్డపేరు నాకు రానీ. కావాలంటే నా నంబర్ ఇవ్వు, ఆ పిల్లతో నేనే మంచిగా మాట్లాడతా.

ఈ టీవీ సంగతి నేను రాశానని మీ నాయినతో అనకు. దుకాణానికి పోయే రోజు ముందే చెబితే పొద్దుటి రైలుకు కాచిగూడలో దిగుతా. ల్యాప్‌టాప్‌లకు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అని కంప్యూటర్ దుకాణాల బిల్డింగ్ ఉంది, నాలుగు దుకాణాలు పక్కపక్కనే అడగొచ్చు. ఆదివారం కాకుండా చూడు. వచ్చేటప్పుడు సకినాలు తెస్తా, సగం ఆ రూమ్‌మేట్ పిల్లకు పెట్టు.

మీ మేనత్త,
మహబూబ్‌నగర్